మూల గడి

గణితంలో పరిశోధన చేసేవాళ్ల సమ్మర్ స్కూల్‌కి వచ్చిన విద్యార్థులందరిలోకీ అతనే పెద్దవాడు. మొదటి రోజు పొద్దున బ్యాడ్జీలు పంచే బల్ల దగ్గర గుమాస్తా అతని నెరిసిన చెంపలు చూసి, "పాఠాలు చెప్పేవాళ్ల బ్యాడ్జీలు పక్క బల్ల మీద ఉన్నాయి సార్" అన్నాడు.

"నేను వినేవాణ్ణే" అన్నాడతను.

గుమాస్తా నాలుక కరుచుకుని, కట్టలో వెతికి ఇచ్చాడు. ఆ మాట వెనక వరసలో నిలబడ్డవాళ్ల చెవిన పడింది. టీ వేళకల్లా అతని పేరు బాబాయ్ అయిపోయింది.

ఆ పేరు పెట్టింది అతని గదిలో దిగినవాడే. వాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. పాఠం మధ్యలో చెయ్యెత్తకుండా కూర్చోవడం వాడివల్ల కాదు. అందుకని తోటివాళ్లు వాడికి ప్రశ్నార్థకం అని పేరు పెట్టారట. "నాకో బిరుదుంది, నీకూ ఒకటి ఉండొద్దూ బాబాయ్?" అన్నాడు మంచం మీద సంచీ పడేస్తూ. అతను నవ్వి ఊరుకున్నాడు. ఏదో ఒకటి అనాలన్నా ఓపిక కావాలి. ఉన్న కాస్తా రైల్లోనే అయిపోయింది.

అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతికి చెప్పి చెప్పి, ఒకనాడు పీహెచ్‌డీ చేస్తానన్నాడు. భార్య ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఇద్దరూ కాలేజీలో ఒకే బెంచీవాళ్లు. "చెయ్యి. చెయ్యకపోతే జన్మంతా నా ప్రాణం తోడేస్తావు" అంది. సెలవు పెట్టాడు. సెలవు పొడిగించాడు. పొడిగించిన సెలవుని మళ్లీ పొడిగించాడు. కిందటిసారి హెడ్మాస్టరు సంతకం పెట్టి కలం మూత బిగిస్తూ, "ఇంక నావల్ల కాదు మాస్టారూ. బడి తెరిచేలోగా థీసిస్ ఇచ్చేశారా, సరే. లేదా, వచ్చి సుద్దముక్క పట్టుకోండి. మళ్లీ ఆ ఊసెత్తొద్దు" అన్నాడు. అన్నాక టీ కూడా తెప్పించాడు. చెడ్డవాడు కాదు.

థీసిస్‌లో మూడు అధ్యాయాలున్నాయి. మొదటి రెండూ గైడు ఎప్పుడో వేసిన దారికి అటూ ఇటూ రాళ్లు సర్దినట్టు ఉంటాయి. మూడోదే అతని సొంతం. డిగ్రీ వస్తే దానికే రావాలి. ఆ అధ్యాయాన్ని పరీక్షించడానికి గైడు మనసులో ఉన్న మనిషి ఈ సమ్మర్ స్కూల్ నడిపే మేడం. "వారం రోజులు ఆవిడ కళ్లముందు తిరుగు. శుక్రవారం విద్యార్థులు మాట్లాడతారు, నీకూ పది నిమిషాలిస్తారు. ఆవిడ తల ఊపిందంటే మన పని అయిపోయినట్టే" అని పంపించాడు.

మేడం పొట్టి మనిషి. అరవై దాటాయి. బోర్డు పైభాగం అందక చిన్న పీట వేసుకుని రాసేది. డస్టరు ముట్టుకునేది కాదు. బకెట్‌లో తడిగుడ్డ పిండి, బోర్డు తనే తుడుచుకుని, ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడేది. మొదటి పాఠానికి ముందు బోర్డు కుడి మూల చిన్న గడి గీసి, అందులో ఒక బొమ్మ వేసింది.

"ఇక్కడ నియమం ఒకటే. ఎవరు మాట్లాడినా ముందు ఈ గడిలో ఒక ఉదాహరణ పెట్టాలి. మాట్లాడటం అయ్యేదాకా చెరపకూడదు. మీరు చెప్పే ప్రతి మాటనీ మేం దానితో సరిచూసుకుంటూ ఉంటాం. శుక్రవారం మీకూ ఇదే."

"ఉదాహరణ లేకపోతే మేడం?" ప్రశ్నార్థకం అప్పుడే చెయ్యెత్తాడు.

"లేకపోతే ఇంక దేని గురించి మాట్లాడతావు నాయనా?"

హాలంతా నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, తన మూడో అధ్యాయానికి గడిలో ఏం పెట్టాలా అనుకున్నాడు. చప్పున ఏదీ తట్టలేదు. ప్రయాణం బడలిక అని సరిపెట్టుకున్నాడు.

అతని పని గ్రాఫ్‌ల మీద. గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు, చుక్కల్ని జంటజంటగా కలిపే గీతలు, అంతే. గైడు పాత పేపర్లో ఒక షరతు ఉంది: ప్రతి చుక్క దగ్గరా బేసి సంఖ్యలో గీతలు కలవాలి. మూడో, అయిదో, ఏడో. అలాంటి గ్రాఫ్‌లు కొల్లలు. అతను దానికి ఇంకో షరతు చేర్చాడు: ఏ ఒక్క చుక్కని తీసేసినా, మిగిలిన చుక్కలు అచ్చుగుద్దినట్టుండే రెండు సగాలుగా విడిపోవాలి. అది చేర్చగానే అప్పటిదాకా మొండికేసిన రుజువు ఎక్కడా ముడిపడకుండా సాగిపోయింది. చివరికి తేలింది ఇదీ: అలాంటి గ్రాఫ్ ఎంత పెద్దదైనా సరే, గీత కలిపిన ఏ రెండు చుక్కలకీ ఒకే రంగు రాకుండా వెయ్యడానికి మూడు రంగులు చాలు. గైడు ఆ రోజు కళ్లద్దాలు తీసి, "బాగుందయ్యా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అతను అంతకు ముందూ వినలేదు, ఆ తరవాతా వినలేదు.

అయితే అధ్యాయంలో ఈ సంగతులు చుక్కల భాషలో ఉండవు. అక్షరాలు, అక్షరాల కింద అంకెలు, అంకెల నెత్తిన గీతలు. మొత్తం అధ్యాయంలో ఒక్క బొమ్మ కూడా లేదు. గైడుకి బొమ్మలు గిట్టవు. "బొమ్మలు కావాలంటే చందాకట్టి పిల్లల పత్రిక తెప్పించుకో" అంటాడు.

మధ్యాహ్నాలు అభ్యాసాల గంట. పొడుగు బల్లల చుట్టూ నలుగురేసి కూర్చుని, మేడం ఇచ్చిన లెక్కలు చెయ్యాలి. ఫ్యాన్లు తిరిగేవి కానీ ఆ గాలి కూడా వేడే. కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద సెల్‌ఫోన్లు, నీళ్ల సీసాలు, ఒకరైతే చెప్పు. పిల్లలు గలగలా మాట్లాడుకుంటూ చకచకా చేసేస్తున్నారు. అతని వంతు వచ్చేసరికి, "బాబాయ్‌ని కాసేపు వదిలెయ్యండ్రా, పెద్దాయన" అని ప్రశ్నార్థకం కాగితం లాక్కునేవాడు. అది వెటకారమో దయో తేల్చుకునే ఓపిక కూడా అతనికి లేకపోయింది. మెడ నొప్పి. కళ్లు మంటలు. గదిలో మంచం మీద పరుపు నడుం దగ్గర గుంటపడి ఉంది. ఎటు తిరిగి పడుకున్నా ఆ గుంటలోకే జారేవాడు.

లెక్కల కాగితం వెనక అతను తన చుక్కలు పెట్టుకునేవాడు. చిన్న ఉదాహరణ ఒక్కటి దొరికితే చాలు, గడిలో పట్టేది. అయిదు చుక్కలు పెట్టాడు. ఒక్కో చుక్కకి మూడు గీతలు రావాలి. కలుపుతూ పోయాడు. చివర్లో ఒక చుక్కకి ఒక గీత తక్కువైంది, కలపడానికి ఎదురుగా ఇంకో చుక్క లేదు. చెరిపాడు. ఏడు చుక్కలు పెట్టాడు. మళ్లీ అంతే. తొమ్మిది. సర్దీ సర్దీ చూస్తే, పెళ్లి పందిట్లో ఒక్కరికి విస్తరి తక్కువైనట్టు, ఎక్కడో ఒక గీత కొస గాల్లో వేలాడుతూనే ఉంది.

సాయంత్రం మంచినీళ్ల కూలరు పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావు?" అంది భార్య. వెనక ఆసుపత్రి మందుల షాపు చప్పుడు, ఎవరో దగ్గు.

"చుక్కలు పెట్టుకుంటున్నా."

"అందుకా అంతదూరం పోయింది? మీ అమ్మాయి ఇక్కడే పెడుతోంది, గోడలనిండా." ఆగి, "గొంతేంటి అలా ఉంది? తిన్నావా?"

"తిన్నా."

"ఆ మేడం తల ఊపిందా?"

"ఇంకా నా వంతు రాలేదే."

"వస్తే ఊపమను. నాకు ఈ రెండు డ్యూటీలు చెయ్యడం ఇంక చేతకావట్లేదు" అని, చిల్లర కోసం ఎవరో పిలిస్తే పెట్టేసింది. ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. కాళ్లు నొప్పులంటే ఎలా అంటారో అలా అంది. అందుకే అది అతన్ని వదల్లేదు.

బుధవారం మధ్యాహ్నం బల్ల దగ్గర అతను మళ్లీ చుక్కలతో కుస్తీ పడుతుంటే ప్రశ్నార్థకం మెడ చాచి చూశాడు.

"ఏంటి బాబాయ్, మళ్లీ ఒకటి మిగిలిందా?"

"అలిసిపోయి లెక్క తప్పుతున్నాన్రా."

"తప్పితే ఓసారి ఒకటి మిగలాలి, ఓసారి రెండు మిగలాలి. ఎప్పుడూ ఒకటే మిగులుతుందా?"

వాడు అలవాటు కొద్దీ అడిగాడు. అడిగేసి తన లెక్కలో పడిపోయాడు. బాబాయ్ పెన్సిల్ కింద పెట్టాడు.

ఏ గీతకైనా కొసలు రెండు. కాబట్టి ఎన్ని గీతలు గీసినా కొసలన్నీ కలిపితే సరిసంఖ్యే. ఇది అతను తొమ్మిదో తరగతికి ఏటా చెప్పే సంగతి. పిల్లల్ని లేపి, ఒకరితో ఒకరు చేతులు కలపమని, ఎవరెన్నిసార్లు కలిపారో అడిగి, అన్నీ కూడి, "చూశారా, సరిసంఖ్యే. పోయినేడూ సరిసంఖ్యే. వచ్చే ఏడూ సరిసంఖ్యే" అనేవాడు. ఇప్పుడు తన గ్రాఫ్. ఒక చుక్క తీస్తే మిగిలినవి రెండు సమాన సగాలు. అంటే మిగిలినవి సరిసంఖ్య. తీసినదాన్ని కలిపితే మొత్తం చుక్కలు బేసి. ఒక్కో చుక్క దగ్గర కొసలు బేసి. బేసి చుక్కలకి తలా బేసి కొసలంటే మొత్తం బేసే. సరి కావలసింది బేసి.

అలాంటి గ్రాఫ్ లేదు. చిన్నది లేదు, పెద్దది లేదు. ఎక్కడా లేదు.

అరవై పేజీల రుజువులో తప్పేం లేదు. ప్రతి వరసా నిజమే. లేనివాటి గురించి ఏం చెప్పినా నిజమే కదా, కాదని చూపడానికి ఒక్కటైనా ఉండాలిగా. మొదటి షరతుకి కుప్పలకొద్దీ ఉదాహరణలున్నాయి కనుక, రెండోది చేర్చాక అవి మిగిలాయా అని ఎవరూ చూడలేదు. గైడు చూడలేదు. అతనసలే చూడలేదు. చుట్టూ పిల్లలు నవ్వుకుంటున్నారు. ఎవరో బిస్కెట్ ప్యాకెట్ అతని ముందుకి తోశారు. ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది నమలాలని కాసేపటికి గానీ గుర్తు రాలేదు.

గైడుకి ఫోన్ చేశాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంత పెద్ద అధ్యాయం అంత చిన్న మాటతో పోవడం చెబుతున్నప్పుడు ఇంకా విడ్డూరంగా అనిపించింది. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"సార్?"

"ఉన్నానయ్యా. పెన్ను తీసుకుని చూస్తున్నా... అవును." గైడు గొంతు ఒక్కసారిగా ముసలిదైనట్టు వినిపించింది. "సరే, ఇప్పుడు గోల చెయ్యకు. శుక్రవారం గడిలో నా పాత పేపర్లోని ఎనిమిది చుక్కల గ్రాఫ్ వెయ్యి. రెండో షరతు పైపైన చెప్పి దాటెయ్యి. పది నిమిషాల్లో ఎవరు సరిచూస్తారు? తరవాత మనం కూర్చుని షరతు కొంచెం సడలిద్దాం."

"సడలిస్తే రుజువు నిలవదు సార్. చూశాను."

"ముందు ఆవిడ చేత తల ఊపించుకుని రావయ్యా."

గదికి వచ్చేసరికి ప్రశ్నార్థకం ఉతికిన చొక్కా కిటికీకి ఆరేస్తున్నాడు. బాబాయ్ మొహం చూసి ఏమైందన్నాడు. ఎవరితోనైనా అనకపోతే ఉండలేననిపించి చెప్పేశాడు. వాడు చొక్కా వదిలేసి మంచం మీద కూలబడ్డాడు. వచ్చినప్పటినుంచీ మొదటిసారి వాడి దగ్గర ప్రశ్న లేకపోయింది.

"నేనే ఊరుకోవాల్సింది" అన్నాడు చివరికి. "నోటి దురద నాది."

"నువ్వడక్కపోతే ఇంకో చోట ఇంకొకరు అడుగుతారు."

"అయితే మీ సార్ చెప్పినట్టు పాత బొమ్మ వేసెయ్ బాబాయ్. నేను చెయ్యెత్తనులే. నోట్లో గుడ్డ కుక్కుకుంటా."

నిజానికి ఆ దారి మీద అతనికి పెద్ద అసహ్యం కూడా కలగలేదు. ఎనిమిది చుక్కలు వేస్తే పది నిమిషాలు గడుస్తాయి, మేడం తల ఊపుతుంది, బడి తెరిచేలోగా థీసిస్ పోతుంది, ఇంటావిడ ఒక డ్యూటీ మానేస్తుంది. ఆ తరవాత ఎప్పుడో, ఏ బల్ల దగ్గరో, ఎవరో ఒక పిల్లవాడు మెడ చాచి చూస్తాడు. అప్పటిదాకా ప్రతి చప్పుడికీ తలెత్తి చూస్తూ బతకాలి. దానికి చాలా ఓపిక కావాలి. గురువారమంతా పాఠాల్లో కూర్చుని అతను లెక్కేసుకున్నదల్లా ఆ ఓపిక గురించే. తన దగ్గర అంత లేదని సాయంత్రానికి తేలింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తరవాత పిలిచారు. సగం హాలు కునికిపాట్లు పడుతోంది. ముందు మాట్లాడిన అమ్మాయి బోర్డు తుడిచి వెళ్లింది. తడి ఆరేదాకా అతను నిలబడ్డాడు. ఆరాక కుడి మూల గడి గీశాడు. నాలుగు గీతలూ తిన్నగా వచ్చాయి, ఏళ్ల అలవాటు. సుద్దముక్క కింద పెట్టి అందరి వైపు తిరిగాడు.

గడి ఖాళీగా ఉంది.

"ఉదాహరణ మర్చిపోయారు" అంది మేడం మొదటి వరసలోంచి.

"మర్చిపోలేదు మేడం. ఇదే."

ఎవరో కిసుక్కుమన్నారు. కునికేవాళ్లు కళ్లు తెరిచారు. అతను రెండు షరతులూ రాశాడు. మూడు రంగుల ఫలితం రాశాడు. "దీన్ని నేను రుజువు చేశాను. రుజువు సరైనదే. కాకపోతే మూడు రంగులు అనవసరం. అసలు రంగు డబ్బా మూత తియ్యక్కర్లేదు" అన్నాడు. ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. దాని కింద కొసలు కూడే లెక్క రాశాడు, తొమ్మిదో తరగతికి రాసినట్టే, ఒక్కో మెట్టూ వేరే వరసలో. నవ్వు మెల్లిగా తగ్గింది. అక్కడ కూర్చున్న ప్రతివాడి దగ్గరా సంచీలో ఏవో కొన్ని పేజీలున్నాయి, బొమ్మలు లేనివి. ఇద్దరు ముగ్గురు వాటి వంకే చూసుకున్నారు.

పది నిమిషాల్లో సగం కూడా కాలేదు. "అంతే" అన్నాడు.

ప్రశ్నలు అడగమంటే ప్రశ్నార్థకం రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చున్నాడు. మేడమే అడిగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న మధ్యాహ్నం."

"దీని మీద ఎన్నాళ్లు పని చేశారు?"

అతను చెప్పాడు. ఆవిడ ఓ క్షణం గడి వైపు చూసి తల ఊపింది. ఎవరైనా పోయిన ఇంటికి వెళ్లినప్పుడు ఊపినట్టు.

అతను వెనక వరసకి వెళ్లి కూర్చున్నాడు. బోర్డు తుడవడం మర్చిపోయాడని కూర్చున్నాక తెలిసింది. లేద్దామనుకుంటూనే కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాతి మాటలేవీ అతనికి తెలియవు. వారం రోజులుగా పరుపు గుంటలో పట్టని నిద్ర ఆ చెక్క బెంచీ మీద పట్టింది. మెలకువ వచ్చేసరికి ప్రశ్నార్థకం బోర్డు దగ్గర చేతులు ఊపుతూ మాట్లాడుతున్నాడు. మిగతా బోర్డంతా తుడిచి, మూల గడి మాత్రం ఉంచేశాడు. కొత్త గడి గీసే బద్ధకమో ఏమో, తన ఉదాహరణ ఆ గడిలోనే వేసుకున్నాడు. ఆరు చుక్కల బొమ్మ, కుదురుగా అమిరింది.

టీ దగ్గర మేడం అతని పక్కకి వచ్చి నిలబడింది. కప్పు ఊదుకుంటూ, "మిగతా రెండు అధ్యాయాల్లో బొమ్మలున్నాయా?" అంది.

"వాటికి ఉదాహరణలున్నాయి మేడం. బొమ్మలు వెయ్యలేదు."

"వేసి పంపండి. చాలుతుందని మాత్రం నేను చెప్పలేను. సన్నటి థీసిస్ అవుతుంది."

"బడి తెరిచేలోగా కాదు మేడం. అన్నీ మళ్లీ చూసుకోవాలి."

"అయితే బడికి పోయి, ఆదివారాలు చూసుకోండి" అని, బిస్కెట్ తీసుకుని వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

కూలరు పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఊపిందా?" అంది భార్య.

"ఊపింది."

"మరి గొంతు అలా ఉందేం?"

అతను చెప్పాడు. చుక్కలు, కొసలు, ఖాళీ గడి, అన్నీ. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. మందుల షాపులో ఎవరో పిలుస్తున్నా పలకలేదు.

"చేతులు కలిపే లెక్కేగా? నాకు కాలేజీలో చెప్పావు, చెయ్యి పట్టుకోవడానికి వంక దొరక్క."

"ఆ లెక్కే."

"ఊఁ" అంది. తరవాత, "తొమ్మిదో క్లాసు పుస్తకాలు అట్టపెట్టెలో కట్టి అటక మీద పడేశా. రేపు దింపుతాలే" అంది.

"నువ్వెక్కకు, బరువుగా ఉంటుంది" అన్నాడతను. "నేనొచ్చి దింపుతా."